గిన్నెలో చీటీలు

2014 డిసెంబరు 21, ఆదివారం సాయంత్రం. కశింకోటలో మా పేట ప్రార్థనా మందిరానికి సగం రేకులు లేవు. హుద్‌హుద్ తుఫాను ఎగరేసుకుపోయిన చోట నీలం టార్పాలిన్ కట్టాం. అది గాలికి పటపటా కొట్టుకుంటోంది. దాని కింద చాప మీద ఒక స్టీలు గిన్నె, గిన్నెలో 31 చీటీలు. లెక్క నాకు బాగా గుర్తు. వాటిలో సగానికి పైగా నా చేత్తో రాసినవే. రాయడం రానివాళ్లు పక్కన కూర్చుని చెబుతుంటే, బడి నోటుబుక్కు చివరి కాగితాలు చింపి రాశాను.

అదే గిన్నె అంతకు ముందు ఆరేళ్లుగా వేరే పని చేసింది. టీచరు ట్రైనింగ్ రోజుల్లో విశాఖపట్నం హాస్టల్లో ‘క్రిస్మస్ ఫ్రెండ్’ ఆట చూశాను. అందరి పేర్లూ చీటీల మీద రాసి గిన్నెలో వేస్తారు. ఎవరి పేరు వస్తే వాళ్లకి మనం రహస్యంగా ఒక కానుక కొనాలి, పండగనాడు ఇవ్వాలి. నాకు ఆ ఆట ఎంత నచ్చిందంటే ఉద్యోగం వచ్చి ఊరికి తిరిగి రాగానే మా సంఘంలో మొదలుపెట్టించాను. మొదటి ఏడాది హద్దు 30 రూపాయలు. తర్వాత 50, వంద, 2013కి 150. ఆ ఏడాది ఉపాధి హామీ పనిలో రోజు కూలి 149 రూపాయలు. ఈ రెండు అంకెల్నీ అప్పుడు పక్కపక్కన పెట్టి చూసుకోలేదు నేను. మట్టి తవ్వే ఆడవాళ్లే మా సంఘంలో ఎక్కువ.

ఎవరికీ కానుక అందకుండా పోకూడదని ఒక నోటుబుక్కు కూడా పెట్టాను. ఎవరి చీటీ ఎవరికి వచ్చింది, కానుక తెచ్చారా లేదా, అన్నీ రాసేదాన్ని. పండగనాడు ఆరాధన అయ్యాక తళతళలాడే కాగితాలు విప్పుతుంటే ఎంత సందడిగా ఉండేదో! లోపల ప్లాస్టిక్ పూలకుండీలు, ఫొటో ఫ్రేములు, కప్పులు. ఒకసారి ఒకింట్లో అలాంటి పూలకుండీలు మూడు వరసగా చూశాను. మూడింటి మీదా దుమ్ము పట్టి ఉంది.

నా చిన్నప్పుడు మా పేటలో కానుకలు కొనడమన్నదే లేదు. డిసెంబరు వచ్చిందంటే వాడకొక వెదురు బద్దల నక్షత్రం లేచేది. రాత్రిళ్లు పెట్రోమాక్స్ లైటు పట్టుకుని ఇంటింటికీ కేరల్స్‌కి వెళ్లేవాళ్లం. ఎవరైనా టీ ఇస్తే తాగేవాళ్లం, లేకపోతే పాడి వచ్చేసేవాళ్లం. పండగనాడు అమ్మ అరిసెలు, జంతికలు పళ్లేల్లో సర్ది, పైన గుడ్డ కప్పి, అవతలి వీధిలోని హిందువుల ఇళ్లకి నా చేత పంపేది. ఆ పళ్లేలు వెంటనే తిరిగొచ్చేవి కావు. సంక్రాంతినాడు వాళ్ల అరిసెలతో, బొబ్బట్లతో నిండి వచ్చేవి. ఖాళీ పళ్లెం తిప్పి పంపకూడదని రెండు వైపులా ఒకే పట్టింపు. కొన్న కానుక నాకు జ్ఞాపకం ఉన్నది ఒక్కటే. మా నాన్న ఎలమంచిలి వైపు పనికి వెళ్లి ఏటికొప్పాక లక్కపిడతలు తెచ్చారు. అంకుడు కర్రతో చేసినవి, కందిగింజంత పొయ్యి, బియ్యపు గింజలు పట్టే కుండ. వాడంతా వాటితో ఆడింది. ఏదైనా కొనే తీరాలంటే ఇప్పటికీ నేను వాటినే కొంటాను. చేసిన చెయ్యి ఏ ఊరిదో తెలుస్తుంది.

అమ్మకి ఇంకో అలవాటుండేది. పూటపూటా ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి విడిగా కుండలో వేసేది. ఆదివారం ఆ పిడికెడు బియ్యం మందిరానికి వెళ్లేవి. మందిరం నుంచి, ఆ వారం పొయ్యి వెలగని ఇంటికి. ఎక్కడో మిజోరం కొండల్లోనూ ఆడవాళ్లు వందేళ్లకు పైగా ఇలాగే పిడికెడు బియ్యం తీస్తున్నారనీ, దాన్ని బుహ్‌ఫాయి థామ్ అంటారనీ చాలా కాలం తర్వాత చదివాను. చదివిన రోజున అమ్మ లేదు చెప్పడానికి.

హుద్‌హుద్ అక్టోబరు 12న వచ్చింది. అదీ ఆదివారమే. ఆరాధన లేదని పాస్టర్ గారు ముందురోజే కబురు పెట్టారు. మధ్యాహ్నానికి తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్ల గాలి అని తర్వాత పేపర్లో చదివాం గానీ ఆ రోజు మాకు తెలిసింది చప్పుడొక్కటే. గాలి తగ్గాక బయటికొస్తే అరటి తోటలన్నీ పడుకుని ఉన్నాయి. కొబ్బరిచెట్లు కొన్ని వేళ్లతో లేచాయి, కొన్ని నడుముకి విరిగాయి. జడచుట్లు కట్టిన చెరకు కూడా నేలకి ఒరిగిపోయింది. పడిన చెరకులో రసం ఉంటుంది కానీ బెల్లం నల్లగా దిగుతుంది, ధర పలకదు. అనకాపల్లి బెల్లం మార్కెట్‌ని నమ్ముకుని బతికే పల్లెలకి ఇది ఏడాది పొడుగునా తగిలే దెబ్బ. రోజుల తరబడి కరెంటు లేదు. కూలిపనులూ లేవు.

డిసెంబరు మొదటి వారంలో పండగ మాటలు మాట్లాడుకోవడానికి కూర్చున్నాం. ‘‘ఈసారి హద్దు 50 రూపాయలు పెడదాం’’ అన్నాను, చాలా తగ్గించినట్టుగా. ఎవరూ మాట్లాడలేదు. మా సంఘంలో అందరికంటే పెద్దావిడ, మేమంతా మామ్మ అనేవాళ్లం, గోడకి ఆనుకుని కూర్చుంది. ‘‘ఏటమ్మా, కొన్నదే కానుకేటి? సేతులు లేవేటి మనకి?’’ అంది. అంతే. పేర్లు రాయొద్దని, ఎవరేం చేసిపెట్టగలరో అదే రాసి గిన్నెలో వేయమని ఆవిడే చెప్పింది.

ఇంక ఆ చీటీలు! ‘రెండు రోజులు తాటాకు కప్పు కప్పుతాను.’ ‘రెండు జాకెట్లు కుడతాను, గుడ్డ మీరే తెచ్చుకోండి.’ ఆటో నడిపే అబ్బాయి, ‘కేజీహెచ్‌ ఆస్పత్రికి ఒకసారి తీసుకెళ్లి తీసుకొస్తాను, డీజిలు నాదే.’ కౌలుకి చెరకు వేసిన బాబాయి, ‘గానుగ ఆడే రోజు పిల్లల్ని పెనం దగ్గరకి తీసుకెళ్లి వేడి పాకం తినిపిస్తాను.’ ఒక బాలింతరాలు, ‘మీ పిల్లని నా పిల్లతో పాటు ఒక పూట చూస్తాను.’ ఎనిమిదేళ్ల కుర్రాడొకడు నా చెవిలో చెప్పి రాయించాడు: ‘మా మేకపిల్లని ఒక రోజంతా ఎత్తుకోనిస్తాను.’ నేను ‘పదో తరగతి లెక్కలు, పరీక్షల దాకా’ అని రాశాను.

తీసిన చీటీ తమకి పనికి రాకపోతే మార్చుకోవచ్చని మామ్మ ముందే చెప్పింది. పాస్టర్ గారికి జాకెట్ల చీటీ వచ్చింది, నవ్వుకుంటూ పాస్టరమ్మ గారికి ఇచ్చేశారు. నా చీటీ పెళ్లికాని ఒక తాపీమేస్త్రికి వచ్చింది. ఆయన చుట్టూ చూసి, వెనక వరసలో తల్లి పక్కన కూర్చున్న పదో తరగతి పిల్లకి అందించాడు. ఆ పిల్ల రెండేళ్లుగా డిసెంబరులో మందిరానికి రావడం మానేసింది. చదువు ఎక్కువైందేమో అనుకునేదాన్ని.

నాకు మామ్మ చీటీ వచ్చింది. నేనే రాసిన చీటీ. ‘తలకి నూనె రాసి దువ్వుతాను.’

పండగ మర్నాడు వెళ్లాను. గుమ్మంలో కూర్చోబెట్టి, ఆముదం వెచ్చచేసి మాడు మీద పోసింది. చిక్కులు ఒక్కొక్కటీ వేళ్లతోనే తీసింది. మా అమ్మ 2011లో పోయింది. ఆ తర్వాత నా తల మీద ఇంకొకరి చెయ్యి పడలేదన్న సంగతి ఆ గుమ్మంలో కూర్చున్నాకే తెలిసింది నాకు. నేను ఏడుస్తున్నానని ఆవిడకి తెలుసు. ఏమీ అడగలేదు. జడ వేసి, ‘‘మళ్లీ ఆదివారం రా’’ అంది. ఆ చలికాలమంతా వెళ్లాను. చీటీ ఒక్కసారికే కదా అని ఆవిడా అనలేదు, నేనూ అనలేదు.

ఆ పదో తరగతి పిల్ల జనవరి నుంచి సాయంత్రాలు మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. ఆ ఏడే లెక్కల పుస్తకం మారింది, అందరికీ భయంగా ఉండేది. మొదట్లో తల ఎత్తేది కాదు. ఫిబ్రవరిలో ఒకరోజు, పుస్తకం మూసేస్తూ, ‘‘టీచర్, నేను డిసెంబరులో ఎందుకు రాలేదో తెలుసా మీకు?’’ అంది. 2012లో దానికి ఎవరిదో చీటీ వచ్చిందట. కానుక కొనమని అమ్మని అడగలేకపోయిందట. పండగనాడు కడుపునొప్పని ఇంట్లో పడుకుందట. మరుసటి ఏడాది చీటీల రోజు నుంచే రావడం మానేసింది.

ఆ రాత్రి బీరువాలోంచి పాత నోటుబుక్కు తీశాను. ఆ ఏడాది ఒక కానుక తగ్గిందని, నేనే ఒక జామెట్రీ బాక్సు కొని ఆ లోటు పూడ్చానని గుర్తుంది. పేజీ దొరికింది. ఆ పిల్ల పేరుంది. పేరు పక్కన, ఎర్ర సిరాతో, నా దస్తూరీలో: ‘బాకీ’.

మర్నాడు ఆ పిల్ల మామూలుగానే వచ్చింది. ‘‘నాదే తప్పమ్మా’’ అన్నాను. ఏమనాలో తెలియక పుస్తకం తెరిచింది. త్రికోణమితి లెక్క. గాలివానకి చెట్టు విరిగి, కొన నేలని 30 డిగ్రీల కోణంలో తాకుతోంది, చెట్టు ఎత్తెంత అని. బొమ్మ గీసి చూపిద్దామని పెన్సిలు అందుకున్నాను.

‘‘బొమ్మ నేను గీస్తాను టీచర్’’ అంది. ‘‘మా పెరట్లో ఉంది ఆ చెట్టు.’’