గంధకం పొట్లం

1975లో నేను నాలుగో తరగతి. ఆ వానాకాలం పాలమూరు జిల్లాలోని మా ఊరి బడి దగ్గర పదడుగుల గొడుగొకటి ఆకాశం వైపు తిరిగి నిలబడింది. కోళ్లగూటికి కొట్టే ఇనుప జాలీతోనే చేశారు దాన్ని. వరండాలో టీవీ పెట్టారు.

అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదికి అరువు తెచ్చుకుని, మన ఇస్రో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు బొమ్మలు పంపుతోందని సారు చెప్పాడు. ఆగస్టు 1న మొదలైంది. ఇదంతా కలగన్న విక్రమ్ సారాభాయి అప్పటికే కన్నుమూశారని పెద్దయ్యాక తెలిసింది. మాకు తెలుగులో వినిపించే బొమ్మే రాయచూరు వైపు పల్లెల్లో కన్నడంలో వినిపించేదట. చేను ఒకటే, గొంతులు రెండు.

పొద్దుగూకాక అమ్మ రొట్టెలు చేసి, చెల్లెల్ని చంకనేసుకుని వచ్చేది. ఆడవాళ్లంతా ఒక పక్కన కూర్చునేవాళ్లు. ఒకనాడు జొన్న విత్తనాల సంగతి చూపించారు. కుండలో గింజలు పోసి, గంధకం పొడి వేసి, మూతికి గుడ్డ కట్టి అటూ ఇటూ దొర్లించారు. కాటుక తెగులు రాదన్నారు. అమ్మ రెప్ప వేయలేదు. ఆ ఏడు మా కంకుల్లో చాలావాటికి గింజకు బదులు నల్లటి పొడే మిగిలింది మరి.

మృగశిర కార్తెకు ముందు అంగడి నుంచి గంధకం తెచ్చింది. కుండ దొర్లించడం కళ్లతో చూసింది కాబట్టి వచ్చు. ఎంత కలపాలో మాత్రం పొట్లం మీద రాసి ఉంది. తిప్పి తిప్పి చూసి నా చేతిలో పెట్టింది.

"సదివి సెప్పు బిడ్డా."

చదివాను. కొలిచి కలిపింది. చేతులు కడుక్కుని వచ్చి మళ్లీ అడిగింది.

"ఇండ్ల గంధకం అని యాడుంది?"

వేలు పెట్టి చూపించాను. ఆ రాత్రి నా పలక అడిగి తీసుకుంది. అమ్మ చదువు 'అ'తో కాదు, 'గం'తో మొదలైంది. తర్వాత జొన్న, ఆముదం, కంది, తన పేరు.

ఆ ఏడాది టీవీ ప్రసారాల ప్రయోగాన్ని పరిశీలించినవాళ్లు, చదువు రానివాళ్లూ ఆడవాళ్లూ ఎక్కువ నేర్చుకున్నారని తేల్చారు. అది చదివినప్పుడు నాకు ఆ పలకే కళ్లముందు మెదిలింది. చూసి నేర్చినది ఆమెను అక్షరం గడపదాకా తీసుకొచ్చింది. గడప తనే దాటింది.

1976 జులై 31తో ప్రసారాలు ఆగాయి. ఉపగ్రహం మళ్లీ అమెరికా వైపు జరిగిపోయింది. బడి వరండా చీకటైంది. ఊరంతా కొన్నాళ్లు దిగులుపడింది. అమ్మ పలక మాత్రం దీపం దగ్గరే ఉండేది.

మరుసటి మృగశిరకు ఇంట్లోకి మళ్లీ గంధకం పొట్లం వచ్చింది. నేను వాకిట్లోనే ఆడుకుంటున్నాను. అమ్మ అక్షరాల కింద వేలు జరుపుతూ చాలాసేపు కూర్చుంది. తర్వాత లేచి కుండ తెచ్చుకుంది. నన్ను పిలవలేదు.