రెండు చుక్కలు

యంత్రమనగానే బలము గుర్తుకు వచ్చుట సహజము. కాని ఇంజనును విప్పి మరల కూర్చినవారికి బలము కంటె ముందు వేళ గుర్తుకు వచ్చును. గాలి, ఇంధనము, నిప్పు మూడును సిద్ధముగా ఉన్నప్పటికీ, ఒకటి రావలసిన వేళకు మరొకటి వచ్చినచో ఇంజను నడవదు. ఈ సత్యమును మేము పుస్తకములలో చదివియే ఉన్నాము. దాని అర్థము బోధపడినది మాత్రము మా ఇంటి పెరటిలోనే.

మా అబ్బాజాన్ కర్నూలులో అంబాసిడర్ టాక్సీ నడిపేవారు. శ్రీశైలమునకు, మంత్రాలయమునకు, అహోబిలమునకు యాత్రికులను చేరవేసి, ఆ సంపాదనతో మా అన్నదమ్ములిద్దరినీ చదివించారు. చూపు మందగించిన తరువాత వారు స్టీరింగు విడిచిపెట్టగా, కారు వేపచెట్టు క్రింద నిలిచిపోయినది. ఉత్తరపారా కర్మాగారములో ఆ కార్ల తయారీ సైతము 2014లో ఆగిపోయినది. ఒకనాడు పాత ఇనుము వ్యాపారి వచ్చి, ధర చెప్పి, నెల గడువిచ్చి వెళ్ళాడు.

"నడిస్తే ఉంచుకుందాం బేటా, నడవకపోతే ఇచ్చేద్దాం" అన్నారు అబ్బాజాన్. ఆ మాట అనునపుడు వారు మా వైపు చూడలేదు.

గ్యారేజీలో అడిగిన కూలి మా స్తోమతకు మించినది. కావున ఇంటివద్దనే ఇంజను విప్పుటకు పూనుకొన్నాము. నాలుగు సిలిండర్లను లేతు పనివారి వద్ద బోరింగ్ చేయించాము. ఓవర్ సైజు పిస్టన్లు, క్రొత్త రింగులు, బేరింగులు వేశాము. ఇవి డబ్బుతోను, ఓపికతోను జరిగే పనులు. అసలు పరీక్ష క్యాం షాఫ్టు వద్ద ఎదురైనది.

1876లో జర్మనీ దేశస్థుడు నికొలాస్ ఆటో నాలుగు స్ట్రోకుల ఇంజనును రూపొందించాడు. పీల్చుట, నొక్కుట, మండుట, వదలుట అను ఈ నాలుగు పనులు పూర్తియగుటకు క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరుగవలెను. ఆ రెండు చుట్లలో ఒక్కొక్క వాల్వు ఒక్కసారి మాత్రమే తెరుచుకొనవలెను. అందువలన వాల్వులను నడిపే క్యాం షాఫ్టు సరిగా సగము వేగముతో తిరుగును. దాని పళ్ళచక్రమునకు క్రాంకు చక్రము కంటె రెట్టింపు పళ్ళుండుటకు కారణమిదియే. మా కారులో ఈ రెండు చక్రములను కలుపునది టైమింగ్ గొలుసు. ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునపుడు ప్రతి వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకొని మూసుకొనును. పెద్ద చక్రమునకు 40 పళ్ళున్నవనుకొందాము. గొలుసు ఒక్క పన్ను తప్పినంతనే క్యాం షాఫ్టు 9 డిగ్రీలు, క్రాంకు లెక్కలో 18 డిగ్రీలు దారి తప్పును. అప్పుడు ఇంజను బలహీనపడి ఆయాసపడును. తేడా ఇంకను పెరిగినచో, కొన్ని రకముల ఇంజన్లలో పిస్టను పైకి వచ్చి, తెరిచియున్న వాల్వును తాకి వంచివేయును.

ఇందుకు విరుగుడుగా తయారీదారులు రెండు చక్రముల మీదను ఒక్కొక్క చుక్క గుర్తును ఉంచారు. చుక్కలు రెండును ఎదురెదురుగా ఉండునట్లు గొలుసు తొడిగి, చక్రములను షాఫ్టుల మీదికి ఒకేసారి నెట్టవలెను. పాత గొలుసు సాగిపోయియుండుటచే క్రొత్తది కొన్నాము. కిరసనాయిలుతో కడిగి, బ్రష్షుతో రుద్ది గుర్తులు వెదకుచుండగా, అబ్బాజాన్ వచ్చి ప్రక్కన కూర్చున్నారు. వారి కన్నులకు ఆ చుక్కలు కనిపించవు. చక్రము అంచున బొటనవ్రేలు నెమ్మదిగా జరిపి, ఒకచోట ఆపి, "ఇదిగో, గుంట తగులుతోంది" అన్నారు. రెండవదానిని కూడ అట్లే పట్టుకొన్నారు. మేము రెండు షాఫ్టుల మధ్యబిందువులను కలుపుచు స్కేలు ఆనించి చూశాము. చుక్కలు రెండును ఆ గీత మీదనే ఉన్నవి.

అంతటితో మూత బిగింపవచ్చునని మా తమ్ముడు తొందరపడినాడు. "ఆగు నాయనా, చేత్తో రెండు చుట్లు తిప్పండి. ఎక్కడైనా పట్టేస్తే బలం పెట్టకండి" అన్నారు అబ్బాజాన్. హెడ్డు, పుష్ రాడ్లు, రాకర్లు అమర్చి, ప్లగ్గులు తీసి, క్రాంకు నట్టుకు పానా తగిలించి తిప్పాము. ఒక చుట్టు తిరుగునప్పటికి పెద్ద చక్రము మీది చుక్క ఎదుటి వైపునకు పోయినది. రెండవ చుట్టు ముగియగానే చుక్కలు మరల ఎదురెదురుగా నిలిచినవి. ఎక్కడను పట్టలేదు. ఒకటవ సిలిండరు ప్లగ్గు రంధ్రముపై వ్రేలుంచి తిప్పగా, గాలి వ్రేలిని నెట్టినది. పిస్టను పైకొనకు చేరినపుడు దాని వాల్వులు రెండును మూసియున్నవి. అదే సమయమున నాలుగవ సిలిండరులో ఒక వాల్వు మూసుకొనుచు, రెండవది తెరుచుకొనుచున్నది. ఉండవలసినది అట్లే. డిస్ట్రిబ్యూటరును త్రిప్పునది కూడ క్యాం షాఫ్టే కావున, రోటరు ఒకటవ సిలిండరు తీగ వైపు చూచునట్లు అమర్చాము. ఫీలర్ గేజిలోని 15 థౌ రేకుతో వాల్వుల సందులు సరిచేసి, మూత బిగించాము.

గడువుకు నాలుగు దినములు ఉన్నవనగా తాళము త్రిప్పాము. ఇంజను రెండుసార్లు దగ్గి, మూడవసారి అందుకొన్నది. అబ్బాజాన్ బానెట్టు మీద అరచేయి ఆనించి, కన్నులు మూసుకొని చాలసేపు విన్నారు. "నాలుగూ పలుకుతున్నాయి" అన్నారు. వ్యాపారికి కబురు పంపినది కూడ వారే.

సోదర విద్యార్థులారా! ఎన్నడో ఎవరో ఒక కార్మికుడు ఉక్కు మీద చిన్న గుంట వేశాడు. తన తరువాత ఆ ఇంజనును విప్పబోవు చేతుల కొరకు వేసిన గుర్తు అది. ఆ గుర్తును నమ్మవలెను. నమ్మిన తరువాత కూడ, తాళము త్రిప్పుటకు ముందు, చేతితో రెండు చుట్లు తిప్పి చూడవలెను. మొదటిది పెద్దల యెడల గౌరవము. రెండవది పని యెడల గౌరవము. రెండును మాకు ఒకే మధ్యాహ్నమున, ఒకే మనిషి వద్ద లభించినవి.