దుఆకు ముందు

మా మదరసాలో హిఫ్జ్ పూర్తిచేసిన కుర్రవాడొకడు గల్ఫ్‌కు బయలుదేరుతూ నా వద్దకు వచ్చాడు. "హజ్రత్, దుఆ చేయండి" అన్నాడు. తలపై చేయి ఉంచి మనసారా దుఆ చేశాను. అతని చేతిలోని వీసాను మాత్రం చూడలేదు.

అది విజిట్ వీసా. దానిపై పనిచేసే హక్కు లేదని అక్కడికి చేరాకే అతనికి తెలిసింది. పాస్‌పోర్టు యజమాని తీసుకున్నాడు, జీతం ఇవ్వలేదు. ఫిర్యాదు చేస్తే తానే నేరస్థుడినవుతానన్న భయం. చివరకు తల్లి నగలమ్మి టికెట్టు పంపింది.

తరువాత విచారించాను. పదవ తరగతి ధ్రువపత్రం లేనివారికి సాధారణంగా ఇసిఆర్ పాస్‌పోర్టు ఇస్తారు. దానితో గల్ఫ్ దేశాలకు ఉద్యోగానికి వెళ్ళాలంటే వలసల సంరక్షణాధికారి అనుమతి ఉండాలి. ఖురాన్ మొత్తం కంఠస్థమైనా ఆ లెక్కలో అది పదవ తరగతి కాదు. కనుక మా పిల్లల్లో అనేకులది ఇదే పాస్‌పోర్టు. (ఇందులో మా బోధకుల లోపమూ ఉంది.) అనుమతికి ఉద్యోగ ఒప్పందం, 10 లక్షల రూపాయల బీమా తప్పనిసరి. ఏజెంటు విజిట్ వీసా అంటగట్టేది ఈ పరిశీలనను తప్పించుకోవడానికే. నమోదైన ఏజెంటు పన్ను కాక 30,000 రూపాయలకు మించి రుసుము తీసుకోరాదు. మా కుర్రవాడు లక్షకు పైగా చెల్లించాడు.

ఒంటెను కట్టి ఆపై అల్లాహ్‌పై భారం వేయాలన్న ప్రవక్త (స) బోధను ఏటా పాఠంగా చెప్పేవాడిని నేనే.

ఇప్పుడు దుఆకు వచ్చినవారిని ముందు కాగితాలు అడుగుతున్నాను. గత నెల ఒక తండ్రి నొచ్చుకుని, "హజ్రత్, మీరు కూడా పోలీసులయ్యారా?" అన్నారు. ఆయన కుమారునిదీ విజిట్ వీసాయే. ప్రయాణం వాయిదా వేసుకున్నారు. ఏజెంటు సొమ్ము ఇంకా తిరిగి ఇవ్వలేదు.