నీలిపువ్వు బిడ్డలు

మన పాఠశాలను విడిచిన పిమ్మట నేను అమెరికాలోని అట్లాంటా నగరమున నివసించుచున్నాను. ఆఫ్రికన్ వయొలెట్ల ప్రథమ జాతీయ ప్రదర్శనము 1946లో జరిగినది ఇచ్చటనే. తూర్పు ఆఫ్రికాలోని ఉసంబరా కొండలలో పుట్టిన యీ మొక్కను 1892లో సెయింట్ పాల్ అను జర్మను అధికారి స్వదేశమునకు పంపెను.

దీని ఆకును కాడతో నాటినచో తల్లిని బోలిన పిల్లలే పుట్టును. క్రొత్తదనము కోరువారు విత్తనము నాశ్రయింపవలెను. నేనొక నీలిపువ్వు కీలాగ్రమున గులాబిరంగు పువ్వు పుప్పొడి నుంచితిని. కాయ కట్టెను. అది పండుటకు మాసములు పట్టును.

ఇంతలో ప్రదర్శనము వచ్చెను. కాయయున్న మొక్కకు మార్కులు తగ్గునని మిత్రులు హెచ్చరించిరి. కత్తెర చేతబట్టితిని గాని కోయుటకు మనసొప్పదయ్యెను. బహుమానము రాలేదు.

పిమ్మట ధూళివంటి విత్తనములను చల్లగా పదునాలుగు మొక్కలు దక్కినవి. మరుసటి యేట అన్నియు పూచినవి, అన్నియు నీలివే! నా శ్రమ వ్యర్థమయ్యెనని ఆ దినమున దుఃఖించితిని. అయితే గులాబిరంగు నశింపలేదు, నీలిచాటున దాగియున్నది. తోబుట్టువులగు ఈ మొక్కలను తమలో తాము సంకరపరచినచో, మనుమలలో ఇంచుమించు నాల్గింట నొకటి గులాబిరంగున పూయును.

ఇప్పుడా రెండవతరపు కాయ నా తూర్పు కిటికీలో నున్నది. ప్రదర్శనము మరల సమీపించుచున్నది. ఈ మారు కత్తెరను వెదకలేదు.