గాలి సంగతి కాదు, వాన సంగతి

"బంగాళాఖాతంలో అల్పపీడనం..."

చిన్నప్పుడు పొద్దున్నే రేడియోలో ఈ మాట వినపడితే మా ఇంట్లో ఒక రకమైన సంబరం. మాది తుంగతుర్తి దగ్గర ఒక పల్లె. అప్పట్లో నల్గొండ జిల్లా, 2016 నుంచి సూర్యాపేట జిల్లా. కరువు మాకు చుట్టపుచూపుగా వచ్చేది కాదు, ఇంట్లోనే ఉండేది. అందుకని అల్పపీడనం కాస్తా వాయుగుండమైతే ఇంకా సంతోషం. చెరువులోకి నాలుగు నీళ్ళొస్తాయి, బావిలో ఊట పెరుగుతుంది, యాసంగికి ఎకరమో రెండెకరాలో నాటు పడుతుంది. అలా చాలా ఏళ్ళపాటు నా దృష్టిలో తుఫాను అంటే వానకు ఇంకో పేరు, అంతే. దాంట్లో మనుషులు కూడా పోతారని తెలుసు. కానీ ఎక్కడో!

ఆ 'ఎక్కడో' నుంచి వచ్చిన మనిషి నాకు అమీర్‌పేటలో రూమ్మేటుగా దొరికాడు. బందరువాడు. ఇద్దరం జావా కోర్సుల కాలం బాపతు. తమాషా ఏంటంటే వాళ్ళూరూ మా జిల్లా ఒకే రోడ్డు మీదుంటాయి. పాత తొమ్మిదో నంబరు హైవే (ఇప్పుడు 65) హైదరాబాదు నుంచి సూర్యాపేట, కోదాడ, విజయవాడ మీదుగా పోయిపోయి బందరులో ఆగిపోతుంది. సూర్యాపేట నుంచి బందరు ఇంచుమించు 200 కిలోమీటర్లు. ఒకే బస్సెక్కి నేను సగం దారిలో దిగేవాణ్ణి, వాడు చివరిదాకా పోయేవాడు.

2003 డిసెంబరులో కృష్ణా తీరానికి తుఫాను వచ్చింది. ఆ రాత్రి వాడు నిద్రపోలేదు. ఇంటికి ఫోను కలవదు. నేనేమో పక్కన పడుకుని, మా దగ్గర కూడా వాన పడుతుందేమో, చెరువుకు మంచిదే అనుకుంటున్నాను! పైకి అనలేదు లెండి, అనుంటే తన్నేవాడు. పొద్దున ఫోను కలిసింది. "దాటేసిందిరా, తీరం దాటేసింది, ఇక పర్లేదు" అని అందరికీ చాయ్ తాగించాడు.

ఆ మాట వాడి నోట ఎందుకంత గట్టిగా వచ్చిందో తెలియాలంటే బందరు చరిత్ర తెలియాలి. నాకు వాడే చెప్పాడు, తర్వాత నేను కొంత చదువుకున్నాను. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చి బందరును ముంచేసింది. ఊళ్ళోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ కలిపి సుమారు 30,000 మంది పోయారని అంచనా. గోల్కొండ నవాబుల కాలంలో పెద్ద రేవు అది, డచ్చివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ పోటీలు పడ్డ ఊరు. అంతకు నెల ముందే, అక్టోబరు 5న, కలకత్తాను ఇంకో తుఫాను కొట్టింది. ఈ దెబ్బలూ, 1866, 1871లలో వానలు ముఖం చాటేయడమూ చూశాకే 1875లో మన వాతావరణ శాఖ పుట్టింది. అంటే తుఫాను, కరువు... వాడి కష్టం, నా కష్టం కలిపి ఒక డిపార్ట్‌మెంటు పెట్టారన్నమాట :)

తర్వాత 1977 నవంబరు 19. దివిసీమ. ఇది మనలో చాలామందికి ఇంట్లో పెద్దవాళ్ళు చెబితే తెలిసిందే. సముద్రం లోతు తక్కువ, నేల చదును. గాలి నీటిని తోసుకొస్తే ఆపేది ఏదీ లేదు. పదిహేను కిలోమీటర్ల లోపలిదాకా నీళ్ళొచ్చాయి. నాగాయలంక దగ్గర సొర్లగొందిలాంటి ఊళ్ళు దాదాపు మొత్తం తుడిచిపెట్టుకుపోయాయి. ప్రభుత్వ లెక్కల్లోనే చనిపోయినవాళ్ళు పదివేల పైన. రేడియోలో హెచ్చరికలు వచ్చాయి. కానీ వచ్చిన హెచ్చరికను పట్టుకుని అంతమందిని లేపి, లారీ ఎక్కించి, ఎత్తు మీద కూర్చోబెట్టే ఏర్పాటు లేదు.

1990 మేలో మళ్ళీ వచ్చింది, కృష్ణ సముద్రంలో కలిసే చోటుకే, బలంలో 77 దానికి ఏమాత్రం తీసిపోనిది. ఈసారి పోయినవాళ్ళు 967 మంది. తక్కువేం కాదు, కానీ పదివేల పక్కన పెట్టి చూడండి. మధ్యలో జరిగిందల్లా రాడార్లు, తుఫాను షెల్టర్లు, ఐదు లక్షల మందికి పైగా జనాన్ని ముందే తరలించడం. 2004లో బందరుకు డాప్లర్ రాడార్ కూడా వచ్చింది. ప్రభుత్వాలను తిట్టడం మనకు అలవాటే గానీ, ఈ ఒక్క విషయంలో మాత్రం పని జరిగింది. ఒప్పుకోవాలి.

అన్నట్టు, రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలు తెలుసుగా? మూడో నంబరు, పదో నంబరు అని వార్తల్లో చెబుతుంటారు. పది దగ్గర ఆగదు, పదకొండు కూడా ఉంది. దాని అర్థం తుఫాను ఇంకా పెద్దదని కాదు, తుఫాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. హార్ట్‌బీట్ రాకపోవడమే అన్నిటికంటే పెద్ద ఎలర్ట్! ఈ డిజైన్ ఎవరు చేశారో గానీ దణ్ణం పెట్టాలి. (లైనక్స్‌లో కూడా సిగ్నల్ 11 వస్తే ప్రోగ్రాం గోవిందా. కాకతాళీయమే.)

సరే, అసలు విషయానికొస్తాను. "తీరం దాటింది, ఇక పర్లేదు" అన్నది బందరు మాట. బందరుకు అది నిజం. మనం టీవీల్లో, పేపర్లలో, యాప్‌లలో దాన్నే రాష్ట్రమంతటికీ నిజం చేసేశాం. తీరం దాటేదాకా స్క్రీన్ మీద గుండ్రాలు తిప్పి తిప్పి చూపిస్తారు. దాటగానే "బలహీనపడింది" అని ఇంకో వార్తకు పోతారు. మా వైపు తుఫాను అప్పుడే మొదలవుతుంది.

సముద్రం మీది నుంచి నేల మీదకు రాగానే తుఫానుకు తిండి ఆగిపోతుంది, గాలి తగ్గుతుంది. నిజమే. కానీ అప్పటికే మోసుకొచ్చిన నీళ్ళు ఎక్కడో ఒకచోట దించాలిగా? 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచిన మూసీ వరద కూడా బంగాళాఖాతం నుంచి లోపలికి వచ్చిన తుఫాను వానే. వేలమంది పోయారు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ దాని తర్వాత కట్టినవే. సముద్రం ఎరగని ఊరిని సముద్రం ముంచింది.

అంత వెనక్కి ఎందుకు, 2020 అక్టోబరు 13 గుర్తుందా? కరోనాతో అందరం ఇళ్ళల్లో కూర్చుని లాగిన్ అవుతున్న రోజులు. కాకినాడ దగ్గర పొద్దున తీవ్ర వాయుగుండం తీరం దాటింది. సాయంత్రానికి హైదరాబాదులో కాలనీలకు కాలనీలు మునిగాయి. ఆ తుఫాను పేరేంటి? గుర్తురాదు. ఎందుకంటే దానికి పేరు లేదు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 చూడండి. కళింగపట్నం దగ్గర దాటిన వాయుగుండం. విజయవాడలో బుడమేరు, ఖమ్మంలో మున్నేరు, కోదాడలో కార్లు కొట్టుకుపోవడం, నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి, హైదరాబాదు-విజయవాడ రోడ్డు బంద్. మనుషులూ పోయారు. దానికీ పేరు లేదు.

పేరు ఎప్పుడు పెడతారంటే గాలి గంటకు 62 కిలోమీటర్లకు చేరితే. అంటే పేరు, దాంతోపాటు వచ్చే భయమూ హడావిడీ అంతా గాలి మీద ఆధారపడి ఉంది. వాన ఎంత పడుతుందన్నది ఆ లెక్కలో లేదు. మన భాషలో చెప్పాలంటే, డిస్క్ నిండి సర్వర్ చచ్చిపోతుంటే మనం సీపీయూ గ్రాఫ్ చూస్తూ "అంతా పచ్చగానే ఉంది" అనుకోవడం. తీరానికి సీపీయూ సరైన మెట్రిక్కే. మాకు కాదు.

ఇంత తెలివిగా రాస్తున్నాను గానీ, ఇదంతా నాకు 2025 అక్టోబరు 27 సోమవారం రాత్రి తెలిసుంటే బాగుండేది.

ఆ రాత్రి మా నాయిన ఫోను చేశాడు. మొంథా తుఫాను మర్నాడు తీరం దాటుతుందని వార్తలు. మా ఊరు ఇప్పుడు నా చిన్ననాటి ఊరు కాదు. కాలువ నీళ్ళొచ్చాక చెలకలు కూడా మడులయ్యాయి, ఎటు చూసినా వరే. ఒకప్పుడు చెరువు నింపే అక్టోబరు వాన ఇప్పుడు కోతకొచ్చిన చేను మీద పడుతుంది. పక్కవాళ్ళ పొలానికి కోత మిషను వచ్చింది, మనది గూడ కోపియ్యాల్నా, రెండు దినాలు ఆగాల్నా అని ఆయన అడిగాడు. నేను రెండో మానిటర్ మీద తుఫాను దారి మ్యాప్ తెరిచి పెట్టుకుని ఉన్నాను. చక్కగా కాకినాడ వైపు పోతోంది.

"మనకు దూరం నాయినా, కాకినాడ దిక్కు పోతంది. గాలి మనదాంక రాదు. కోపియ్యి" అన్నాను.

కాసేపు ఆగి ఆయన, "గాలి సంగతి గాదు బిడ్డా, వాన సంగతి జెప్పు" అన్నాడు.

ఏం చెప్పాను? "అంత ఉండదు లే" అన్నాను. మ్యాప్‌లో గీత చూశాను తప్ప మా జిల్లాకు ఏ రంగు హెచ్చరిక ఇచ్చారో కూడా తెరిచి చూడలేదు. పసుపు, నారింజ, ఎరుపు అని జిల్లాలవారీగా వాతావరణ శాఖ ఇస్తూనే ఉంటుంది. ఒక్క క్లిక్కు.

మంగళవారం రాత్రి తీరం దాటింది. బందరు మిత్రుడు గ్రూపులో మెసేజ్ పెట్టాడు, అదే పాత మాట: దాటేసింది, పర్లేదు. నేను దానికి చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టాను. బుధవారం మా దగ్గర వాన దంచింది. వడ్లు కొనుగోలు కేంద్రం ముందు కుప్పగా ఉన్నాయి. ఉన్నవి రెండు పట్టాలు. పైనుంచి కప్పితే కింద నుంచి నీళ్ళు. తేమ 17 శాతం దాటితే తూకం లేదు, ఎండబెట్టుకోవాలి. ఎండ లేదు. నాలుగో రోజు కుప్ప అడుగున మొలకలు. చివరికి తరుగు కింద ఎంత అడిగితే అంత ఇచ్చి వదిలించుకున్నాం.

కోయకుండా ఉంటే బాగుండేదా అంటే అదీ చెప్పలేను. కోయనివాళ్ళ చేలు నేలకు పడుకున్నాయి. మా నాయిన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే ఎక్కువ బాధ.

నాకనిపించేది ఇది. దివిసీమలో 77కూ 90కీ మధ్య మారింది తుఫాను కాదు. హెచ్చరిక అందిన మనిషికి పోవడానికి ఒక చోటు ఏర్పడింది, తీసుకుపోయే లారీ ఏర్పడింది. మా రైతుకు ఇవాళ హెచ్చరిక ఫోనులోనే అందుతుంది. ఎరుపు రంగు చూసి ఆయన ఏం చేయాలి? వడ్లను ఎక్కడికి తరలించాలి? కేంద్రానికొక రేకుల షెడ్డు, ఎత్తుగా ఒక సిమెంటు కల్లం, సరిపడా పట్టాలు, తుఫాను వార్త రాగానే తడవకముందే కుప్పలు ఎత్తే లారీలు. ఇవి రాకెట్ సైన్సు కాదు. లక్షల మంది మనుషులను రెండు రోజుల్లో కదిలించగలిగిన వ్యవస్థకు వడ్ల కుప్పలను కదిలించడం రాదంటే నేను నమ్మను. మనుషుల ప్రాణాలూ, వడ్లూ ఒకటి కాదు, తెలుసు. కానీ 2024లో కోదాడలో పోయింది వడ్లు కాదు కదా. లోపలి ఊళ్ళను తుఫాను ఊళ్ళుగా లెక్కపెట్టకపోవడమే రెండింటికీ మూలం.

మొన్న ఊరికి పోయినప్పుడు సూర్యాపేటలో ఆగి మందపాటి పట్టాలు నాలుగు కొన్నాను. ఇంట్లో దించుతుంటే నాయిన చూసి, "నాలుగేం సరిపోతయ్‌రా" అన్నాడు. తర్వాత ఫోను నా చేతిలో పెట్టి, ఆ రంగుల హెచ్చరిక ఎక్కడ చూడాలో చూపించమన్నాడు. చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకుని మా జిల్లా ఎక్కడుందో వేలితో వెతుక్కున్నాడు.