హంట్స్‌విల్ దాటాక

హ్యూస్టన్ నుంచి డాలస్‌కి కారులో వెళ్ళని వాళ్ళు మన సంఘంలో ఉండరనుకుంటాం. 45వ నంబరు రోడ్డు మీద సుమారు 70 మైళ్ళు వెళ్ళేసరికి పైన్ చెట్ల మీదుగా శామ్ హ్యూస్టన్‌గారి తెల్లటి విగ్రహం కనపడుతుంది. ఎత్తు 67 అడుగులు, నిలబెట్టింది 1994లో. పిల్లలు ఫోటో అంటారు, పెద్దలు కాఫీ అంటారు, అక్కడితో హంట్స్‌విల్ అయిపోతుంది. ఆ ఊళ్ళో 1849 నుంచి ఒక ఎర్ర ఇటుకల జైలు ఉందనీ, టెక్సాస్ జైళ్ళ శాఖ ముఖ్య కార్యాలయం అక్కడేననీ మనలో చాలామందికి పట్టదు. మాకూ మొన్నమొన్నటి దాకా పట్టలేదు.

మేమిద్దరం డాక్టర్లమే కనుక వంతులవారీగా వారానికి ఒక రోజు ఆ ఊరు దాటి, పశువుల మేత పొలాల మధ్యనున్న ఒక చిన్న జైల్లో రోగుల్ని చూస్తున్నాం. జైలు పేరు చెప్పం. “భయం వెయ్యదా?” అని విందుల్లో మన వాళ్ళు అడుగుతుంటారు. భయం సంగతి అలా ఉంచి, అక్కడి గుమాస్తాల సంగతి ముందు చెప్పాలి. ఆ జైలుని నడిపేది వాళ్ళే.

ఫోను కారులోనే వదిలెయ్యాలి. గేటు దగ్గర బూట్లు, బెల్టు విప్పి చూపించాలి. తాళాల గదిలో ఇత్తడి బిళ్ళ ఇస్తే తాళాలగుత్తి ఇస్తారు. క్లినిక్‌లో ప్రతి కత్తెర వెనకా బోర్డు మీద దాని ఆకారం గీసి ఉంటుంది. కత్తెర లేకపోతే ఆ బొమ్మ ఖాళీగా కనపడుతుంది. డ్యూటీ మారినప్పుడల్లా సూదులు లెక్క పెడతారు. హౌస్‌సర్జన్లుగా ఉన్న రోజుల్లో, మన పెద్దాసుపత్రిలో ఒక్క కత్తెర పోతే స్టోర్‌కీపరుగారు చేసే గోల గుర్తొచ్చింది. ఆ గోలకి ఆయన గది దాటి ఎవరూ చలించేవారు కారు. ఇక్కడ జైలంతా ఆగిపోతుంది.

సూదుల మాట అలా ఉంచి మనుషుల లెక్క మరీ ఘనమైనది. రోజుకి చాలాసార్లు ప్రతి ఖైదీనీ లెక్క పెడతారు. లెక్క తేలేదాకా ఎక్కడివాళ్ళు అక్కడే. మా బల్ల మీద కూర్చున్న రోగి అలాగే కూర్చుంటాడు, రావలసినవాడు రాడు. ఎవరు ఎప్పుడు డాక్టరు దగ్గరకు రావాలో ముందు రాత్రే జాబితా తయారవుతుంది. దాన్ని ‘లే-ఇన్’ అంటారు. అందులో పేరు పడకపోతే ఎంత జబ్బయినా ఆ రోజుకి గుమ్మం దాటడం కష్టం.

ఇక వంటశాల. అక్కడ ఉదయపు ఫలహారం తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో మొదలవుతుంది! ఇన్సులిన్ తీసుకునేవాడికి సూదీ తిండీ దగ్గర దగ్గరగా పడాలని మనందరికీ తెలుసు (మన ఇళ్ళల్లో చక్కెర జబ్బు లేని ఇల్లేదీ?). కనుక మందు రాసేముందు వంటశాల వేళలూ, కిటికీ దగ్గర మందు ఇచ్చే వేళలూ, కౌంటు వేళలూ చూసుకోవాలి. వైద్య గ్రంథాల్లో ఈ అధ్యాయం లేదు. వండేదీ, బట్టలుతికేదీ, మా క్లినిక్ నేల తుడిచేదీ ఖైదీలే. టెక్సాస్‌లో వాళ్ళకి ఈ పనికి సాధారణంగా జీతం ఉండదు. కానీ నొప్పని తనంతట తాను చూపించుకోవటానికి వస్తే 13 డాలర్ల 55 సెంట్లు రుసుము ఖాతాలో పడుతుంది. 2019లో పెట్టిన రేటు ఇది, ఏడాదికి 100 డాలర్లు మించదు. అత్యవసరానికీ, దీర్ఘవ్యాధులకీ తీసుకోరు, డబ్బు లేదని వైద్యం మానరు. అయినా జీతం లేని చోట రుసుము అనే ఆలోచన ఎవరికి వచ్చిందో!

ఇదివరకు మరీ అన్యాయం. డేవిడ్ రూయిజ్ అనే ఖైదీ 1972లో చేత్తో రాసి పంపిన పిటిషను మీద విచారణ జరిపి, 1980లో జడ్జి విలియం వేన్ జస్టిస్ ఇచ్చిన తీర్పులో అదంతా ఉంది. ‘బిల్డింగ్ టెండర్లు’ అనే పేరుతో కొందరు ఖైదీలే తోటి ఖైదీల మీద అధికారం చేసేవారు. ఏ అర్హతా లేని ఖైదీలు వైద్యం పనులు చేసేవారు. ఇప్పుడు ఆ పద్ధతులు పోయాయి. గాల్వెస్టన్ వైద్య విశ్వవిద్యాలయం, టెక్సాస్ టెక్ కలిసి వైద్యం చూస్తున్నాయి.

అసలు ఖైదీకి వైద్యం హక్కన్నది కూడా టెక్సాస్ కాగితంలోంచి పుట్టిందే. గ్యాంబుల్ అనే ఖైదీ మీద 1973 నవంబరులో లారీ దించుతుండగా పత్తి బేలు పడింది. నడుం నొప్పి తగ్గక, అతనూ చేత్తో రాసి కోర్టుకెక్కాడు. తీవ్రమైన జబ్బుని తెలిసీ పట్టించుకోకపోవటం రాజ్యాంగం నిషేధించిన క్రూరశిక్షే అని 1976లో సుప్రీంకోర్టు అంది. తీర్పు రాసింది థర్‌గుడ్ మార్షల్. తమాషా ఏమిటంటే, డాక్టరు మీద గ్యాంబుల్ దావా మాత్రం నిలబడలేదు. మూడు నెలల్లో 17సార్లు వైద్యసిబ్బంది చూశారు కదా అన్నారు. ఇప్పటికీ చేతిలో డబ్బులేని ఖైదీకి కలం, కాగితం, కవర్లు జైలే ఇస్తుంది. ఆ సరఫరాల కిటికీ దగ్గర వరుసను చూసినప్పుడల్లా మాకు ఈ ఇద్దరూ గుర్తొస్తారు.

అన్నట్లు, అక్కడ మేము ఎక్కువగా రాసే మందు ఏమిటో ఊహించండి. మంచం! మూర్ఛ ఉన్నవాడికీ, మోకాళ్ళు పోయినవాడికీ ‘కింది మంచం’ అని రాయాలి. ఒక పెద్దాయనకి చక్కెరా మూర్ఛా రెండూ ఉన్నాయి. కింది మంచం రాశాం. మరుసటి వారం వచ్చినప్పుడూ పైమంచం మీదే ఉన్నాడు. “ఎక్కటం కష్టం కాదు డాక్టరుగారూ, దిగటమే. నిద్రలో దిగితే మరీను,” అన్నాడు నవ్వుతూ.

కౌంటు గదికి వెళ్ళి అడిగాం. అక్కడి గుమాస్తా ఇద్దరు మనవలున్న మనిషి, చాలా ఏళ్ళుగా అదే కుర్చీ. “మీరు రాసిన కింది మంచాలు నా దగ్గరున్న కింది మంచాలకంటే ఎక్కువండీ. అందరూ ముసలివాళ్ళయిపోతున్నారు, నేనేం చెయ్యను?” అంది. అబద్ధం కాదు. పడకల జాబితా తిప్పి చూపించింది. ఆ హాలులో కింది వరుసలో ప్రతి పేరు పక్కనా ఏదో ఒక డాక్టరు రాసిన గుర్తే. అయినా ఆవిడ ఒక్కొక్క పేరూ వేలుపెట్టి చదువుతూ, గడువు తీరబోయే కాగితం ఒకటి పట్టుకుంది. మేమింకా ఇంటిదారిలో ఉండగానే క్లినిక్ నర్సుకి ఫోను చేసిందట, మంచం దొరికిందని.

పెద్దాయన కిందికి దిగాడు. మోకాలి ఆపరేషనయిన కుర్రాడొకడి గడువు తీరి, వాడు పైకి ఎక్కాడు. వచ్చే గురువారం లే-ఇన్ జాబితాలో ఆ కుర్రాడి పేరుంది, మోకాలి నొప్పి అని.