మూసీ ఒడ్డు, లాడ్ బజార్ కుంపటి

అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ హైదరాబాద్ పొలిమేరలోనే గండిపేట చెరువులో ఆగుతుంది. దాని ఉపనది ఈసీకి హిమాయత్ సాగర్ అడ్డం. 1908 వరద తర్వాత కట్టిన ఈ రెండూ దాటి పురానాపూల్ దగ్గరికి వచ్చేసరికి నదిలో పారేది చాలావరకు ఊరి మురుగే. దాన్ని బాగుచేయాలనడంలో రెండో మాట లేదు. పేచీ అంతా అందుకోసం ఒడ్డున బతికేవాళ్లను ఖాళీ చేయించి ఎక్కడికి పంపుతారన్న దగ్గరే. అది ఎంత పెద్ద ప్రశ్నో తెలియాలంటే నదిని కాసేపు వదిలి చార్మినార్ పడమటి పక్కన లక్క గాజుల లాడ్ బజార్‌లోకి తిరగాలి.

బొగ్గుల కుంపటి మీద మెత్తబడిన లక్కను కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచి, కొసలు అతికిస్తారు. వేడి మీద ఉండగానే రాళ్లు అద్దాలి. చల్లారితే రాయి దిగదు, మళ్లీ సెగ చూపించాల్సిందే. ఈ పనిలో చాలా భాగం చుట్టుపక్కల గల్లీల్లోని ఇళ్లలో, ఆడవాళ్ల చేతుల మీదుగా, వంటకూ పిల్లల బడికీ మధ్య నడుస్తుంది. పెళ్లివాళ్లు చీర తెచ్చి చూపిస్తే ఆ రంగుకు తగ్గ గాజులు చేయించి ఇవ్వగలగడమే ఈ బజారు బలం. ఇల్లు, కుంపటి, కొట్టు నడిచి వెళ్లే దూరంలో ఉంటేనే అది సాధ్యం. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరుతో వేరే ఊరి సరుకు అమ్మకుండా అది అడ్డుకోగలదు గానీ, గాజు చేసే మనిషిని బజారు దగ్గర నిలబెట్టడం దాని చేతిలో లేదు.

అదే 2024లో మూసీని బాగుచేసే పథకం కోసం చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్‌లలో ఇళ్లకు ఎర్ర గుర్తులు వేసి కూల్చారు. అవన్నీ గాజులవాళ్ల ఇళ్లు కావు. అయినా పాత బస్తీలో కుట్టుపని, బండి వ్యాపారం, హమాలీ, ఏది చూసినా ఇంటికీ బజారుకూ ఉన్న దగ్గరితనం మీదే బతుకుతోంది. నదీగర్భంలో ఇళ్లు ఉండనివ్వమంటారా అని అడగవచ్చు. 1908 సెప్టెంబరు 28న వేల ప్రాణాలు తీసిన నది ఇది. ఆ భయం నిజం, కదలక తప్పనివాళ్లు కదలాలి. పక్కా ఇల్లు ఇస్తున్నాం కదా అన్నది ఇంకో వాదన. కుంపటి రాజేసే వీల్లేని నాలుగో అంతస్తులో, రెండు బస్సులు మారితే గానీ బజారు చేరలేని చోట ఇల్లిస్తే, చార్జీలకూ ప్రయాణానికీ పోగా మిగిలే కూలి ఎంత? కొన్ని కుటుంబాలకు మలక్‌పేటలో ఇళ్లు చూపించగలిగారు, అంటే దగ్గర్లో ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. సర్వేకు వచ్చినవాళ్లు ఇంటి గజాలు కొలిస్తే చాలదు. ఆ ఇంట్లో ఎవరు ఏ పని చేస్తున్నారు, అది ఏ బజారుకు వెళుతోంది అని రాసుకోవాలి, ఆ బజారుకు నడిచి వెళ్లగలిగే చోటే ఇల్లివ్వాలి. అంతవరకూ ఇంకో గోడ మీద ఎర్ర గుర్తు పడకూడదు.